పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కంటికి ఆనిన వ్యూఫైండర్

కిందటి సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, కెమెరా కొనేవారు లెన్సుల పట్టిక తిరగేయడానికి ముందు, దృశ్యాన్ని చూసుకునే కిటికీ అయిన దాని వ్యూఫైండర్‌లో ఐదు నిమిషాలపాటు కన్ను పెట్టి చూడాలని రాశాను. ఆ ఒక్క వాక్యం మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఇంతకుముందు ఎన్నడూ రాలేదు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు సుతిమెత్తగా మందలించారు, ఎక్కువమంది మాత్రం తమ తమ ఇబ్బందులు చెప్పుకున్నారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్నీ వ్యూఫైండర్లకే వదిలేస్తున్నాను. ఒకే తరహా ప్రశ్నలను కలిపేసి, ఉత్తరాలను కొద్దిగా కుదించాను.

ప్రశ్న: నేను మొదటిసారిగా మంచి కెమెరా కొనబోతున్నాను. చాలాకాలంగా ఫొటోలు తీస్తున్న మా బాబాయి గారు అద్దం ఉన్న ఎస్‌.ఎల్‌.ఆర్‌. కెమెరానే తీసుకోమంటున్నారు. గాజులోంచి కనపడేదే నిజమనీ, ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో కనపడేది టీవీ బొమ్మ అనీ ఆయన వాదన. మీకు ఏది ఇష్టమో, ఎందుకు ఇష్టమో చెప్పగలరా?

జవాబు: మీ బాబాయి గారి మాటలో సగం ఒప్పు ఉంది. ఆ సగాన్ని ముందు చెప్పి, మిగిలిన సగం గురించి ఆయనతో కొంచెం తగువు పెట్టుకుంటాను.

ఎస్‌.ఎల్‌.ఆర్‌.లో లెన్స్ గుండా వచ్చిన వెలుగు 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దానికి తగిలి పైకి మళ్లుతుంది, అక్కడున్న గరుకు తెర మీద బొమ్మగా ఏర్పడుతుంది, పెంటాప్రిజం అనే గాజు పట్టకం దానిని తిన్నగా చేసి కంటికి అందిస్తుంది. అంటే ఆయన చూస్తున్నది కూడా ఒక తెర మీది బొమ్మనే. కాకపోతే ఆ బొమ్మకు విద్యుత్తు అక్కరలేదు, ఆలస్యం లేదు, ఎండలో ఆకు అంచున మెరిసే మెరుపు కంటికి ఎంత పదునుగా ఉంటుందో తెర మీదా దాదాపు అంతే పదునుగా ఉంటుంది. ఈ సుఖం ఊరికే రాలేదు. 1936 నాటి కీనె ఎగ్జాక్టాలో తల వంచి పైనుంచి తెరలోకి చూడాల్సి వచ్చేది. 1949లో వచ్చిన కాంటాక్స్ ఎస్‌లో పెంటాప్రిజం చేరాక కెమెరా కంటి ఎత్తుకు వచ్చింది. షట్టర్ కొట్టగానే పైకి లేచిన అద్దం తనంతట తానే కిందికి దిగే ఏర్పాటు 1954 నాటి అసాహిఫ్లెక్స్ 2బీలో కుదిరింది. ఇవన్నీ ఒద్దికగా అమరిన నికాన్ ఎఫ్ 1959లో వచ్చింది. ఒకటి రెండు తరాల ఫొటోగ్రాఫర్లకు ఈ చూపే అలవాటైపోయింది కనుక దానిని నిజమనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక మిగిలిన సగం. ఆ గరుకు తెర మూడు చోట్ల మనకు పూర్తి నిజం చెప్పదు. మొదటిది, మీరు ఎఫ్ 8 దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) ఫొటో తీయబోతున్నా తెర మీద బొమ్మ లెన్స్ పూర్తిగా తెరుచుకున్న స్థితిలోనే కనపడుతుంది, కాబట్టి వెనకాల మసకగా కరిగిపోయిందనుకున్న తీగ ఫొటోలో స్పష్టంగా వచ్చి కూర్చుంటుంది. దీని తిరగవేత కూడా జరుగుతుంది. ఈ తరం కెమెరాల్లో తెరను వెలుగుగా ఉంచడానికి చాలా నున్నగా చేశారు కనుక, మీరు ఎఫ్ 1.4 లెన్స్ తగిలించినా తెర మీద కనపడే మసక ఇంచుమించు ఎఫ్ 2.8 లెన్స్‌ది, ఫొటోలో వచ్చేది అంతకు మించినది. రెండోది, ఆ తెరకు మీరు ఎంత వెలుగు పడనిస్తున్నారన్న ఎక్స్‌పోజర్‌తో సంబంధం లేదు. మూడోది నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది: ఫొటో పడే ఆ క్షణంలో అద్దం పైకి లేచి ఉంటుంది కాబట్టి, మీరు చూడని ఒకే ఒక్క క్షణం మీ ఫొటోలో ఉన్న క్షణమే.

ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ సెన్సర్ మీద పడిన వెలుగును చదివి చిన్న తెర మీద చూపిస్తుంది. దీని లోపాలు వేరు. వెలుగు తగ్గితే బొమ్మ రవ్వరవ్వగా మారుతుంది, కెమెరాను చరచరా తిప్పితే కొంత తడబడుతుంది, నీడల్లోని వివరాన్ని కన్ను పట్టుకున్నంతగా అది పట్టుకోదు. 2008లో వచ్చిన పానసోనిక్ జి1లో ఆ తెరకు 14 లక్షల 40 వేల చుక్కలుండేవి. 2020 నాటి సోనీ ఎ7ఎస్ 3లో 94 లక్షల 40 వేలున్నాయి. ఈ లెక్కలు విని మురిసిపోయే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలను విడివిడిగా లెక్కపెట్టి ఆ అంకె చెబుతారు, మూడింటిని కలిపితేనే ఒక పిక్సెల్. అందుకని 94 లక్షల చుక్కల తెరంటే సుమారు 31 లక్షల పిక్సెళ్ల తెర.

కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషిని ఫొటో తీస్తున్నారనుకోండి. ఎస్‌.ఎల్‌.ఆర్‌. వ్యూఫైండర్‌లో మీకు ముఖం చక్కగా కనపడుతుంది, ఎందుకంటే కన్ను తనంతట తానే వెలుగుకూ నీడకూ సర్దుకుంటుంది. తీరా ఫొటోలో కిటికీ సరిగ్గా వచ్చి ముఖం బొగ్గులా మారుతుంది. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో ముఖం నల్లబడటం మీకు ముందే తెలుస్తుంది. బొటనవేలితో ఎక్స్‌పోజర్ చక్రాన్ని రెండు గుర్తులు తిప్పితే ముఖం తేలుతుంది, కిటికీ తెల్లగా పోతుంది, ఈ రెండిట్లో ఏది కావాలో అప్పుడే తేల్చుకోవచ్చు. నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి గురువు దొరకడం కష్టం. అందువల్ల మొదటి కెమెరాకు నా ఓటు ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌కే. కానీ కొన్న రోజే మెనూలోకి వెళ్లి హిస్టోగ్రామ్ (వెలుగునీడల లెక్క చూపే పటం), మట్టపు గీత, బ్యాటరీ బొమ్మ, ఇంకా ఏవేవో అంకెలు అన్నిటినీ ఆపేయండి. దృశ్యం మీద అన్ని లెక్కలు అతికించి ఉంటే చూపు మనిషి ముఖం వదిలి అంకెల దగ్గరికే పోతుంది. నా సొంత ఇష్టం మాత్రం మరొకటి. అది మూడో జవాబులో వస్తుంది.

ప్రశ్న: వీధుల్లో ఫొటోలు తీసే చాలామంది రేంజ్‌ఫైండర్ కెమెరాను తెగ మెచ్చుకుంటారు. నేను ఒకటి సంపాదించి మూడు నెలలుగా వాడుతున్నాను. దగ్గరి నుంచి తీసిన ప్రతి ఫొటోలోనూ తల పైభాగం తెగిపోతోంది. లోపం కెమెరాలోనా, నాలోనా?

జవాబు: ఇద్దరిలోనూ లేదు, కొలతలో ఉంది. మీ కెమెరాలో చూసే కిటికీ ఒక చోట, ఫొటో తీసే లెన్స్ మరొక చోట ఉన్నాయి. ఆ రెండింటి మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. పది మీటర్ల దూరంలో ఉన్న చెట్టుకు ఆ ఎడం లెక్కలోకి రాదు, మీటరు దూరంలో ఉన్న ముఖానికి మాత్రం అది నుదురంత అవుతుంది. దీనినే పారలాక్స్ అంటారు. మీ కెమెరా వ్యూఫైండర్‌లో ఫ్రేము గీతలకు లోపల, పై అంచుకు కొంచెం కిందగా మరొక చిన్న గీత గానీ రెండు గంటులు గానీ ఉన్నాయేమో చూడండి. దగ్గరి ఫొటోలకు పై హద్దు అదే. అలాంటిదేమీ లేకపోతే, ముఖాన్ని ఫ్రేములో అమర్చుకున్నాక కెమెరాను రెండు వేళ్ల ఎత్తు పైకి జరిపి తీయండి. పైకి వంచడం కాదు, ఉన్నదున్నట్టుగా పైకి జరపాలి.

మంచి రేంజ్‌ఫైండర్లలో ఫోకస్ తిప్పుతుంటే ఫ్రేము గీతలు వాటంతట అవే పక్కకూ కిందకూ జరుగుతాయి. 1954 నాటి లైకా ఎం3లో ఈ ఏర్పాటు ఉంది. అయినా ఆ గీతలు చోటు మారతాయే తప్ప పరిమాణం మారవు. వాటిని దగ్గరి దూరాలకు సరిపోయేలా గీస్తారు కనుక, దూరపు దృశ్యాల్లో గీత బయట ఉందనుకున్నది కూడా కొంత ఫొటోలోకి వచ్చేస్తుంది. అంచుల దగ్గర అర అంగుళం కూడా తేడా రాకూడదనుకునేవారు ఈ కెమెరా జోలికి పోకపోవడమే మనశ్శాంతి.

మరి ఎందుకంత మెచ్చుకుంటారంటారా? గీతల బయట ఉన్న లోకం కూడా కనపడుతుంది కాబట్టి. ఎస్‌.ఎల్‌.ఆర్‌.లో ఫ్రేము అంచు దాటితే చీకటి. సైకిల్ మీద వస్తున్న మనిషి ఆ చీకట్లోంచి హఠాత్తుగా ఊడిపడతాడు. రేంజ్‌ఫైండర్‌లో అతను గీత దాకా రావడం, గీతను దాటడం, మీరు అనుకున్న గోడ ముందుకు చేరడం అంతా కనపడుతూనే ఉంటుంది. షట్టర్ కొట్టిన క్షణంలో కూడా కిటికీ మూతపడదు, అతని కళ్లు మూసుకున్నాయో తెరుచుకున్నాయో మీకు తెలిసిపోతుంది. పైగా ఈ కిటికీలో దగ్గరిదీ దూరానిదీ అన్నీ స్పష్టంగానే ఉంటాయి, వెనక భాగాన్ని మసకలో దాచేసి సరిపెట్టుకునే వీలు లేదు. ఏది ఏ పక్కన ఉండాలి, ఏది దేని వెనక్కి పోవాలి అన్న ఆలోచన తప్పనిసరవుతుంది. వీధి ఫొటోలకు పేరుపడ్డ ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెస్సోన్ జీవితంలో ఎక్కువ భాగం లైకాకు 50 మి.మీ. లెన్స్ తగిలించి పని చేశాడంటే, ఈ కిటికీ ఇచ్చే హెచ్చరిక ఎంత పనికొస్తుందో ఊహించుకోవచ్చు.

దీనికి దీని కష్టాలున్నాయి. 135 మి.మీ. లెన్స్‌కు చూపించే గీతలు అగ్గిపెట్టె మీది బొమ్మంత ఉంటాయి, 28 మి.మీ.కు చూపించేవి మూలల్లోకి పోయి దాక్కుంటాయి, పొడుగాటి లెన్స్ హుడ్ పెడితే ఒక మూల మొత్తం మాయమవుతుంది. అన్నిటికన్నా మించిన అవమానం మరొకటి ఉంది. లెన్స్ మూత తీయకపోయినా కిటికీలో అంతా దేదీప్యమానంగా కనపడుతూనే ఉంటుంది. నేను ఒక పెళ్లివారి కుటుంబాన్ని అరగంటపాటు నిలబెట్టి, కూర్చోబెట్టి, నవ్వించి తీసిన రీలులో మొదటి 11 ఫ్రేములు ఈ విధంగానే నల్లగా వచ్చాయి.

రేంజ్‌ఫైండర్ చూపు నచ్చి, దగ్గరి ఫొటోల బెడద వద్దనుకునేవారికి ఫుజీఫిల్మ్ ఎక్స్100 తరహా కెమెరాలు ఒక మధ్యేమార్గం. ముందున్న చిన్న మీటను లాగితే గాజు కిటికీ ఎలక్ట్రానిక్ తెరగా మారుతుంది, మళ్లీ లాగితే కిటికీ అవుతుంది.

ప్రశ్న: మా తాతగారి రెండు లెన్సుల కెమెరా నా చేతికొచ్చింది. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూడాలి. బొమ్మ తిన్నగా నిలబడే ఉంటుంది కానీ కుడి ఎడమలు తారుమారవుతున్నాయి. కుడికి జరపబోయి ఎడమకు జరుపుతున్నాను, పిల్లలు ఫ్రేములోంచి పారిపోతున్నారు. దీనికి ఉపాయం ఉందా? లేక దీనిని అల్మరాలో అలంకారంగా పెట్టేయమంటారా?

జవాబు: దయచేసి అల్మరాలో పెట్టకండి. నా ఇష్టం ఏమిటని మొదటి పాఠకురాలు అడిగారే, అది ఇదే.

ముందుగా మీ ఇబ్బంది. పై లెన్స్ గుండా వచ్చిన వెలుగును లోపలున్న ఒక్క అద్దం పైనున్న గరుకు గాజు మీదికి మళ్లిస్తుంది. ఒక్క అద్దమే కాబట్టి బొమ్మ నిలువుగా సరిగ్గా ఉన్నా, అద్దంలో మన ముఖం లాగా కుడి ఎడమలు మారి కనపడతాయి. దానిని సరిచేయడానికి పట్టకం లేదు. కెమెరాను చేతులతో తిప్పుతూ బొమ్మను వెంబడిస్తే మీరు చెప్పిన గందరగోళమే జరుగుతుంది. అందుకని చేతులు కదపకండి. కెమెరాను పొట్టకు ఆనించి మెడ పట్టీని బిగువుగా ఉంచి, పాదాలతో జరగండి. బొమ్మలో చెట్టు కుడి అంచుకు మరీ దగ్గరగా ఉంటే, బొమ్మ ఎటు పోతోందన్నది ఆలోచించకుండా, అసలు చెట్టు మీకు ఏ పక్కన ఉందో తలెత్తి ఒకసారి చూసుకుని ఆ పక్కకు ఒళ్లు తిప్పండి. నాలుగైదు రీళ్లు పూర్తయ్యేసరికి చేతికి అలవాటవుతుంది, తల ఆలోచించడం మానేస్తుంది. కెమెరా పక్కకు ఒరిగినప్పుడు మట్టం సరిచేయడం మాత్రం నాకు ఇన్నేళ్ల తరవాత కూడా మొదటిసారికే కుదరదు. ఒకసారి తప్పు దిక్కుకు వంచి, అప్పుడు సరైన దిక్కుకు వంచుతాను. పరుగెత్తే పిల్లల కోసమైతే పైనున్న తొడుగు ముందు రేకును లోపలికి నొక్కండి. చాలా కెమెరాల్లో అక్కడ ఒక చదరపు రంధ్రం తెరుచుకుంటుంది. వెనక రంధ్రంలోంచి దానిలోకి నేరుగా చూస్తే కుడి కుడిగానే ఉంటుంది. ఫోకస్ మాత్రం అంచనా మీద పెట్టుకోవాలి.

ఇక ఇష్టం సంగతి. మిగిలిన వ్యూఫైండర్లన్నిటిలో మనం ఒక కంటితో ఒక సందులోంచి అవతలికి చూస్తాం. ఇక్కడ రెండు కళ్లతో, అర అడుగు దూరంలో, గాజు పలక మీద ఆరు సెంటీమీటర్ల చదరంలో ఏర్పడిన బొమ్మను చూస్తాం. మొదటిది కిటికీ, రెండోది పటం. కిటికీలోంచి చూసేటప్పుడు మనసు ఎదుటి మనిషి మీద ఉంటుంది, ఆ మనిషి భుజం పక్కన తెల్లటి బకెట్ ఉందని కన్ను చూసినా మనసు లెక్కచేయదు. పటంలో ఆ బకెట్ ఒక తెల్లటి మచ్చ. మనిషి ముఖమూ మచ్చే. ఏ మచ్చ పెద్దది, ఏది ముందుగా కన్నును లాగుతోంది, రెండింటి మధ్య ఎంత ఖాళీ ఉంది అన్నవి ఫొటో తీయకముందే కనపడతాయి. కుడి ఎడమలు మారడం కూడా ఇందుకు సాయమే చేస్తుంది. తెలిసిన వీధి తెలియని వీధిలా ఉంటుంది కాబట్టి కన్ను దానిని కొత్తగా పరీక్షిస్తుంది. పెద్ద ఫిల్మ్ పలకలు వాడే కెమెరాల్లోనైతే వెనకనున్న గరుకు గాజు మీద బొమ్మ తలకిందులుగానే ఉంటుంది. నల్లగుడ్డ కప్పుకుని దాని కింద పావుగంట గడిపినవారిని అడగండి, తలకిందులైన కొండ బరువు ఎటు పడుతోందో నిటారు కొండ కంటే తేలికగా తెలుస్తుందని చెబుతారు.

మరొక సంగతి ఎత్తు. కంటి దగ్గర పట్టుకున్న కెమెరా పెద్దవాళ్ల ఎత్తు నుంచి లోకాన్ని చూస్తుంది, ఐదేళ్ల పిల్లవాడి నడినెత్తిని చూపిస్తుంది. నడుము దగ్గరున్న కెమెరా పిల్లవాడి కళ్లకు సమానంగా ఉంటుంది, పెద్దవాళ్లను కొంచెం కిందనుంచి చూస్తుంది, నేలను తగ్గించి ఆకాశాన్ని పెంచుతుంది. పైగా మీ ముఖానికి కెమెరా అడ్డం రాదు. ఎదుటివారు మీ ముఖాన్ని చూస్తూ మాట్లాడుతుండగానే మీరు తల కొద్దిగా వంచి తీసేయవచ్చు. రోలైఫ్లెక్స్ 1929లో బయటికి వచ్చిన నాటి నుంచి ఈ సౌలభ్యాన్ని వాడుకున్నవారు ఎందరో ఉన్నారు. వివియన్ మయర్ వీధి చిత్రాలను చూడండి, ఆమెకు ఎదురుపడిన మనుషుల్లో చాలామంది కొద్దిగా ఎత్తులో నిలబడి కనపడతారు. షాపుల అద్దాల్లో తనను తాను తీసుకున్న చిత్రాల్లో కెమెరా ఎదురొమ్ము దగ్గరే ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. ఇక్కడ కూడా చూసే లెన్స్ పైన, తీసే లెన్స్ కింద ఉన్నాయి కనుక వెనకటి జవాబులోని పారలాక్స్ మీకూ వర్తిస్తుంది. దగ్గరి వస్తువులకు ట్రైపాడ్ మధ్య కర్రను రెండు లెన్సుల మధ్య ఎడమంత పైకి లేపితే సరిపోతుంది.

ప్రశ్న: కళ్లజోడు పెట్టుకుంటాను. ఏ కెమెరాలో చూసినా నాలుగు మూలలూ ఒకేసారి కనపడవు. జోడు తీస్తే బొమ్మ మసక. పెద్దగా కనపడే వ్యూఫైండర్ ఉన్న కెమెరా కొంటే ఈ బాధ తీరుతుందా?

జవాబు: తీరదు సరికదా, ఎక్కువయ్యే అవకాశం ఉంది. అద్దంలో కొండ చిన్నదై కనపడుతుందన్నది మనకు కొత్త సంగతి కాదు, వ్యూఫైండర్‌లోనూ ఎంత చిన్నదిగా కనపడాలన్నది తయారీదారు ముందే తేల్చేస్తాడు. దానిని రెట్లలో చెబుతారు. రెట్లు పెరిగేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది, కానీ మామూలుగా కన్ను అంత దగ్గరికి జరగాల్సి వస్తుంది. జోడు ఉన్నవారు జరగలేరు. మీరు చూడాల్సిన అంకె మరొకటి ఉంది, దానిని ఐపాయింట్ అంటారు. కన్ను ఎంత దూరం వరకు జరిగినా నాలుగు మూలలూ కనపడతాయో చెప్పే కొలత అది, మిల్లీమీటర్లలో ఉంటుంది. జోడు ఉన్నవారికి 20 మి.మీ. దాటితే సుఖం. నికాన్ ఎఫ్3కి జోడు ఉన్నవారి కోసమే వేరుగా చేసిన హెచ్‌.పి. ప్రిజంలో అది 25 మి.మీ., దానికి బదులుగా బొమ్మ కొంచెం చిన్నది చేశారు. ఒకటి కావాలంటే రెండోది కొంత వదులుకోక తప్పదు. ఈ మధ్య వచ్చే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్లలో బొమ్మను తెర మధ్యలోకి చిన్నదిగా కుదించే సదుపాయం చాలావాటిలో ఉంది. మెనూలో వెతకండి, బహుశా మీ బాధ అక్కడే తీరిపోతుంది.

రెట్ల అంకెలను పోల్చేటప్పుడు కూడా ఒక మెలిక ఉంది. చిన్న సెన్సర్ కెమెరాకు 0.95 రెట్లని, ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 0.72 రెట్లని రాసి ఉంటే మొదటిదే పెద్దదనిపిస్తుంది. రెండింటినీ 50 మి.మీ. లెన్స్‌తో కొలిచారు, పైగా ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ ఆ చిన్న సెన్సర్‌కు అడ్డంగా 1.5 రెట్లు కనుక, మొదటిదానిని 1.5తో భాగించాలి. అప్పుడు అది 0.63కు దిగుతుంది.

జోడు తీసి చూడాలనుకుంటే కంటి రంధ్రం పక్కనున్న చిన్న డయాప్టర్ చక్రాన్ని వాడండి. చాలామంది దానిని ఎదుటి దృశ్యాన్ని చూస్తూ తిప్పుతారు, అది తప్పు. తెల్లటి గోడ వైపు కెమెరాను పెట్టి, వ్యూఫైండర్ లోపల కింది భాగంలో ఉన్న అంకెలు కొత్తగా అచ్చయినంత స్పష్టంగా కనపడేవరకు తిప్పండి. దూరపు చూపు, దగ్గరి చూపు రెండూ ఉన్న జోడు అయితే దూరపు భాగంలోంచే చూస్తూ సరిచేసుకోవాలి. ఈ చక్రం సంచిలో రాసుకుని తిరిగిపోతూ ఉంటుంది. కెమెరా ఫోకస్ చెడిపోయిందని నాకు వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని దీని పుణ్యమే. సిలిండర్ పవర్ ఎక్కువగా ఉన్నవారికి మాత్రం ఈ చక్రం సాయపడదు, జోడుతోనే చూడాలి.

ప్రశ్న: నేను వెనకనున్న తెరను చూసే ఫొటోలు తీస్తాను. వ్యూఫైండర్ వాడనివాడు ఫొటోగ్రాఫరే కాడని మిత్రులు ఎగతాళి చేస్తున్నారు.

జవాబు: వెనక తెర కూడా పటమే. దాని మీద చూసి తీయడం తప్పు కాదు. కుడి ఎడమలు మారని గరుకు గాజు అనుకోండి, పైకి మడిచే తెర అయితే నడుము దగ్గర పట్టుకోవచ్చు కూడా. 1995లో కేసియో క్యూవీ-10 వెనక అలాంటి చిన్న తెర వచ్చిన నాటి నుంచి ఎక్కువమంది చూపు అక్కడికే మళ్లింది. చేతులు చాపి పట్టుకుంటే వణుకు ఎక్కువ, ఎండలో తెర వెలవెలపోతుంది, చత్వారం ఉన్నవారికి మళ్లీ దగ్గరి జోడు కావాలి. ట్రైపాడ్ మీద కెమెరా ఉన్నప్పుడు మాత్రం నేనూ వెనక తెరనే చూస్తాను, మీ మిత్రులకు ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: ఫొటో తీసేటప్పుడు కనపడని కరెంటు స్తంభం, ఎవరిదో మోచెయ్యి ఫొటో అంచున ప్రత్యక్షమవుతున్నాయి. నాది అద్దం ఉన్న మామూలు తరగతి డిజిటల్ కెమెరా, డీ.ఎస్‌.ఎల్‌.ఆర్‌.

జవాబు: మీ వ్యూఫైండర్ ఫొటోలో పడేదంతా చూపించడం లేదు. తక్కువ ఖరీదు డీ.ఎస్‌.ఎల్‌.ఆర్‌.లలో పెంటాప్రిజం బదులు తేలికైన అద్దాలు పెడతారు. వాటిలో సాధారణంగా నిలువునా 95 శాతం, అడ్డంగా 95 శాతం మాత్రమే కనపడుతుంది. ఐదు శాతమే కదా అనిపిస్తుంది గానీ, 0.95ను 0.95తో గుణిస్తే 0.9025. అంటే ఫొటో విస్తీర్ణంలో దాదాపు పదో వంతు మీకు తెలియకుండానే లోపలికి వస్తోంది. స్తంభానికి అంతకన్నా చోటు అక్కరలేదు. ఎలక్ట్రానిక్ తెరలో ఈ బెడద ఉండదు, ఉన్నదంతా కనపడుతుంది. ప్రస్తుతానికి, షట్టర్ నొక్కే ముందు కెమెరాను ఒక్క వెంట్రుకవాసి నాలుగు వైపులా జరిపి అంచుల బయట ఏమి పొంచి ఉందో చూసుకోండి. ఫొటో తీశాక కత్తిరించుకోవచ్చు గానీ, ఆ మోచెయ్యి ఎవరి నడుము మీదో ఉంటే కత్తిరించడానికి చోటు మిగలదు.

ప్రశ్న: ఎగిరే పక్షులను తీస్తాను. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో బొమ్మ ఆలస్యంగా వస్తుందని భయపడి మారలేదు. ఇప్పటికీ అంతేనా?

జవాబు: అద్దం లేని మొదటి తరం మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ భయానికి కారణం ఉండేది. ఇప్పుడు సెకనుకు 120 సార్లు బొమ్మ మారే తెరలు మామూలైపోయాయి, పక్షి రెక్క కొట్టే వేగానికి అది చాలు. పాత కెమెరాల్లో వరసగా తీసేటప్పుడు ఇప్పుడే తీసిన ఫొటోనే మళ్లీ మళ్లీ చూపేవారు, పక్షి అప్పటికే వేరే చోట ఉండేది. ఇప్పుడున్న మంచివాటిలో అదీ పోయింది. అద్దం లేచి దిగే చీకటిని ఆప్టికల్ (గాజు) వ్యూఫైండర్ నుంచి తీసేయాలని క్యానన్ 1965లోనే పెలిక్స్‌లో కదలని పలుచని అద్దం పెట్టింది, కానీ ఆ అద్దం కొంత వెలుగును పైకి మళ్లిస్తుంది కాబట్టి ఫిల్మ్‌కు చేరే వెలుగు తగ్గింది.

మీ పనికి నేను చెప్పే మాట ఒకటే. పొడుగాటి లెన్స్‌తో ఆకాశంలో పక్షిని వెతికేటప్పుడు రెండో కన్ను మూయకండి. ఒక కన్ను బయట పక్షిని పట్టుకుంటే రెండో కన్ను దానిని ఫ్రేములోకి తెస్తుంది. ఆప్టికల్ వ్యూఫైండర్‌లో టెలిఫొటో లెన్స్ గుండా సూర్యుడిని చూడటం కంటికి శాశ్వతంగా హాని చేయగలదు. ఎలక్ట్రానిక్ తెరలో మీ కంటికి ఆ ప్రమాదం లేదు, సెన్సర్‌కు ఉంది.

ప్రశ్న: నాకు ఇంకా కెమెరా లేదు, కొనడానికి కొంతకాలం పడుతుంది. ఈలోపు ఫ్రేములో చూడటం సాధన చేయవచ్చా?

జవాబు: అట్టముక్క చాలు. నల్లటి అట్టలో నిలువు 48 మి.మీ., అడ్డం 72 మి.మీ. రంధ్రం కోయండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 24కి 36 మి.మీ. కాబట్టి ఇది దానికి సరిగ్గా రెట్టింపు. ఒక కన్ను మూసి, రెండో కంటికి 10 సెంటీమీటర్ల దూరంలో దీనిని పట్టుకుంటే 50 మి.మీ. లెన్స్ చూసేంత మేర కనపడుతుంది. 7 సెంటీమీటర్లకు తెస్తే 35 మి.మీ. లెన్స్, 20 సెంటీమీటర్లకు జరిపితే 100 మి.మీ. లెన్స్. అట్ట కింది అంచుకు దారం కట్టి ఈ మూడు దూరాల దగ్గర ముడులు వేయండి. కావలసిన ముడిని చూసే కంటి కింది ఎముకకు ఆనించి, దారం బిగువయ్యేవరకు అట్టను ముందుకు చాపండి. చేయి వణికినా దూరం మారదు.